మునుపటి జీతమెంత?

పాఠ్యభాగములు: అపొస్తలుల కార్యములు 5:1-11, ఆదికాండము 29:15-30, మత్తయి 20:1-16



ఈ నెల పాఠమునకు మేము వేరొక వాక్యభాగమును సిద్ధపరచుకొని యుంటిమి. అయితే మా సంఘములోని ఒక చిన్నది అడిగిన ప్రశ్న మమ్మును వెంటాడుచున్నందున దానిని ప్రక్కన పెట్టి దీనిని వ్రాయుచున్నాము.

పుంగనూరు ప్రాంతమందలి మా గ్రామములో ఒక విశ్వాస కుటుంబమున్నది. తండ్రి కౌలు భూమిలో టమోటా పెట్టును. తల్లి కూలికి పోవును. పెద్ద కుమార్తె నర్సింగు చదివి, ఒక చిన్న పట్టణములోని ప్రైవేటు ఆసుపత్రిలో నాలుగేండ్లు పనిచేసెను. నెలకు 8,500 రూపాయలు. రాత్రి డ్యూటీలకు వేరుగా ఏమియు లేదు. తరువాత బెంగుళూరులోని ఒక పెద్ద ఆసుపత్రికి దరఖాస్తు పెట్టుకొనెను. ఫోనులో నింపు ఫారములో ఒక గడి ఉండెను: ఇప్పుడు నీకు వచ్చు జీతమెంత?

ఆ గడి దగ్గర ఇల్లంతయు ఆగిపోయెను. పదునెనిమిది వేలని వ్రాయుమని తండ్రి చెప్పెను. "అందరూ అట్లే రాస్తారంట" అనెను. తల్లికి భయము. ఆదివారపు ఆరాధన ముగిసిన తరువాత ముగ్గురును మా యొద్దకు వచ్చిరి. మేము క్షణమైనను ఆలోచింపక, "ఉన్నది ఉన్నట్లు వ్రాయుమమ్మా, మిగిలినది దేవుడు చూచుకొనును" అని చెప్పి ప్రార్థన చేసి పంపితిమి.

ఆమె అట్లే వ్రాసెను. ఉద్యోగము దొరికెను. జీతము 12,000. రెండు నెలలైన తరువాత తెలిసినదేమనగా, అదే వార్డులో, అదే చదువుతో, అంతే అనుభవముతో, అదే నెలలో చేరిన మరియొక అమ్మాయికి 19,000 ఇచ్చుచున్నారు. ఆ అమ్మాయి మునుపు పనిచేసినది పెద్ద ఆసుపత్రిలో. భేదమంతే. రోగులు వారే, సూదులు అవే, రాత్రి జాగరణ ఒక్కటే. క్రిస్మసుకు ఊరికి వచ్చినప్పుడు మా ఇంటి అరుగుమీద కూర్చుండి ఆమె అడిగినది: "అయ్యగారూ, ఆ పొద్దు నేను అబద్ధం రాసుంటే బాగుండునేమో కదా?"

మా నోట మాట రాలేదు. అవునని చెప్పలేము. కాదని చెప్పి లేచిపోవుటకు మనస్సాక్షి ఒప్పుకొనలేదు. ఆ రాత్రి ఆలోచింపగా మా తప్పు మాకు కనబడెను. ఆమె యెదుట రెండే దారులున్నవని మేమనుకొంటిమి, నిజము వ్రాయుట, లేక అబద్ధము వ్రాయుట. చెప్పకుండుట అను మూడవ దారి ఉన్నదని మాకు తోచలేదు. ఆ దారి క్రైస్తవునికి తగునా తగదా అనునదే ఈ పాఠము.

అననీయ సప్పీరాల చరిత్ర తెలియనివారు మన సంఘములలో లేరు. కోతకాలపు పండుగ సమీపించినప్పుడు సేవకులమైన మేము ఈ భాగమును తీసికొని ఎన్ని మారులు బోధించితిమో లెక్క లేదు. అయితే కానుకల మాట ప్రక్కన పెట్టి నిదానముగా చదువుడి. ఆ దంపతులు తమ పొలము అమ్మిరి. వెలలో కొంత దాచుకొని, కొంత తెచ్చి అపొస్తలుల పాదములయొద్ద పెట్టిరి. పేతురు వారి మీద మోపిన నేరమేమి? కొంత ఉంచుకొంటిరని కాదు. నాల్గవ వచనము చూడుడి. పొలము అమ్మకమునుపు అది వారిదే. అమ్మిన తరువాత ఆ సొమ్మును వారి స్వాధీనములోనే ఉండెను. అంతయు తెమ్మని వారిని ఎవరును బలవంతపెట్టలేదు. ఎంతకు అమ్మితిరో సభలో చెప్పుమని ఎవరును అడుగలేదు. "ఇది మేము తేగలిగినంత" అని చెప్పి యుంటే, లేక వెల మాట ఎత్తకుండ ఊరకుండి యుంటే, వారు సంఘములో గౌరవముగా బ్రదికి యుందురు. కొంతను తెచ్చి, ఇదే అంతయు అని చూపించుటయే వారి పాపము. ఎనిమిదవ వచనములో పేతురు సప్పీరాను సూటిగా అడిగెను. అక్కడ ఆమెకు ఇంకొక తలుపు తెరచియుండెను. ఆమె తప్పుడు సంఖ్యకు ఔనని చెప్పెను.

కాబట్టి వాక్యము గీచిన గీత చెప్పుటకును చెప్పకుండుటకును మధ్య లేదు. చెప్పకుండుటకును తప్పు చెప్పుటకును మధ్య ఉన్నది. పదునెనిమిది వేలని వ్రాయుమన్న తండ్రి ఆ గీతకు అవతల అడుగు పెట్టుచుండెను. గడిని ఖాళీగా విడిచిన కుమార్తె ఇవతలనే నిలిచి యుండును.

మా సంఘ పెద్దలలో ఒకరు దీనికి ఒప్పుకొనలేదు. దాచువానికి వెలుగంటే భయమని ఆయన అభిప్రాయము. మంచి మనుష్యుని మంచి మాటయే గనుక దానిని త్రోసివేయలేదు. అయితే ప్రధానయాజకులును శాస్త్రులును తన అధికారమును గూర్చి ప్రశ్నించినప్పుడు, తానును చెప్పనని ప్రభువు నిరాకరించిన సంగతి మార్కు 11వ అధ్యాయములో ఉన్నది. సమూయేలు బేత్లెహేమునకు పోవునప్పుడు, బలి నిమిత్తము వచ్చితినని చెప్పుమని దేవుడే అతనికి నేర్పెను, రాజును అభిషేకించు మాట పైకి రానీయలేదు. అవునంటే అవును, కాదంటే కాదు అను ప్రభువు ఉపదేశము మన నోట వచ్చు మాటను గూర్చినది. వీధిలో పోవు ప్రతివాడును వేసిన ప్రతి ప్రశ్నకు మన పెట్టె తెరచి చూపవలెనని దాని భావము కాదు.

అయితే ఆ పెద్దగారి మాటలో ఒక హెచ్చరిక ఉన్నది. యజమానునికి తెలిసికొను హక్కు గల సంగతులు కొన్ని ఉన్నవి. చదివితివా, నర్సింగు కౌన్సిలులో నీ పేరు నమోదైనదా, ఎన్నేండ్లు ఏ వార్డులో పనిచేసితివి, మునుపటి చోట దొంగతనము చేసి తీసివేయబడితివా, ఇవి దాచినయెడల రోగికి గాని యజమానునికి గాని నష్టము వచ్చును. వీటిని దాచుట మౌనము కాదు, మోసము. మునుపటి జీతము ఈ జాతిలోనిది కాదు. అది ఆమె పనిని కొలిచిన కొలత కాదు గదా. ఆ దినమున ఆమె ఇంటిలో అప్పెంత ఉండెనో, ఆ పట్టణములో వేరే ఆసుపత్రి ఉండెనో లేదో, అడుగుటకు ఆమెకు ధైర్యము చాలెనో లేదో, వాటి కొలత అది. ఆమె అవసర దినమున ఒకడు ఆమెతో చేసికొన్న బేరమును మరియొకడు వారసత్వముగా పొందుట న్యాయమా?

మదనపల్లె టమోటా మార్కెట్టు మనకందరికిని తెలిసినదే. 2023 జూలై నెలాఖరున అక్కడ మేలు రకపు కాయ కిలో ఇంచుమించు 200 రూపాయలదాకా పోయెను. కొన్ని వారములకే ధర కుప్పకూలెను. ఆ జూలైలో బాక్సులు దింపిన రైతును చూచి, "పోయిన కోతలో ఎంతకు అమ్మితివి? దానిమీద రెండు రూపాయలు వేసి ఇత్తును" అని ఏ వ్యాపారియైనను అనెనా? అనినను రైతు తన బండి త్రిప్పుకొని పోవును గాని ఒప్పుకొనునా? కాయ చూచిరి, రంగు చూచిరి, వేలము పాడిరి. ధర పడిపోయిన దినమున రైతు కూడ పోయిన నెల చీటీ చూపి అంతే ఇమ్మని అడుగలేడు. రెండువైపులను నేటి సరకునకు నేటి ధర. టమోటాకు అంటని నిన్నటి లెక్క మనుష్యుని చేతులకు మాత్రము ఎందుకు అంటవలెను?

ద్రాక్షతోట యజమానుని ఉపమానము దేవుని కృపను గూర్చినది. దానిని పిండి జీతపు చట్టము తీయుట మాకు ఇష్టము లేదు. అయినను కథ చెప్పిన తీరు గమనింపదగినది. తెల్లవారగానే వచ్చినవారితో దేనారమునకు ఒడంబడిక చేసెను. తరువాత వచ్చినవారికి న్యాయమైనది ఇత్తుననెను. పొద్దు గూకబోవునప్పుడు నిలిచియున్నవారిని ఆయన అడిగినది, ఊరక ఎందుకు నిలిచితిరి అని. నిన్న ఎక్కడ ఎంతకు పోతిరని అడుగలేదు.

లాబాను సంగతి దీనికి వేరుగా నున్నది. యాకోబు చేతికఱ్ఱతో వచ్చిన పేదవాడు. నీ జీతమేమో నీవే చెప్పుమని లాబాను తియ్యగా అడిగెను. పాత లెక్క అడుగలేదు. అయినను పెండ్లికూతుళ్లను మార్చెను, పదిమారులు జీతము మార్చెనని యాకోబు తరువాత వాపోయెను (ఆది. 31:7). పాత జీతమడుగని ప్రతివాడును న్యాయవంతుడని మన పిల్లలు అనుకొనరాదు. ఒప్పుకొన్నదానిని కాగితము మీద వ్రాయించుకొనుట మంచిది.

మా సహోదరి పనిని గూర్చి ఒక సంగతి తెలిసికొంటిమి. ముందే తెలిసియున్న ఎంత మేలై యుండును! మదనపల్లెలో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి 1911లోను, ఆరోగ్యవరము క్షయ చికిత్సాలయము 1915లోను ఆరంభమైనవి. నాటినుండి మన ఇండ్లకు నర్సు పని ఎరుకైనది. (ఆమె పనిచేసినది ఈ రెండింటిలోను కాదు, వేరొక చోట.) ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల మొరను విని సుప్రీం కోర్టు 2016 జనవరిలో ఆదేశింపగా కేంద్ర ప్రభుత్వము ఒక నిపుణుల కమిటీని ఏర్పరచెను. రెండువందల పడకలకు మించిన ఆసుపత్రి ప్రభుత్వ నర్సుతో సమానముగా ఇయ్యవలెననియు, నూరు పడకలకు మించినచో తగ్గింపు నూటికి పదికి మించరాదనియు, ఏబది నుండి నూరువరకైతే ఇరువదియైదుకు మించరాదనియు, ఏబది లోపు పడకలు గల చిన్న ఆసుపత్రియైనను నెలకు 20,000 తగ్గరాదనియు ఆ కమిటీ సిఫారసు చేసెను. సిఫారసు సిఫారసే. అమలు చేయవలసినది రాష్ట్రములు. ఎంతమట్టుకు జరిగినదో మన బిడ్డల జీతపు చీటీలే చెప్పుచున్నవి. అయినను ఆ కొలత యే రీతిగా చేసిరో చూడుడి. పడకలను లెక్కించిరి, పనిని చూచిరి. ఆ నర్సు మునుపెంత తీసికొనెనను ప్రశ్న అందులో లేదు.

ఈ బాధ మన ప్రాంతముదే కాదు. అమెరికా దేశములో కాలిఫోర్నియా రాష్ట్రమందలి ఫ్రెస్నో కౌంటీ విద్యాశాఖ 2009లో ఐలీన్ రిజో అను ఆమెను గణిత సలహాదారురాలిగా నియమించెను. పాత జీతమునకు నూటికి ఐదు చేర్చి, ఆ మొత్తము జీతపు మెట్లలో ఎక్కడ పడునో అక్కడ నిలుపుట వారి నియమము. ఆమెకు మొట్టమొదటి మెట్టు వచ్చెను. 2012లో భోజనవేళ మాటలలో, తన తరువాత అదే పనికి వచ్చిన పురుషుడు తొమ్మిదవ మెట్టున చేరెనని ఆమెకు తెలిసెను. వ్యాజ్యెము సంవత్సరములు నడిచెను. మునుపటి జీతమును సాకుగా చూపి స్త్రీకి తక్కువ ఇచ్చుటను సమర్థించుకొనరాదని అక్కడి తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలు కోర్టు 2020లో తీర్పు చెప్పెను. మసాచుసెట్స్ రాష్ట్రము 2016లో చేసిన చట్టము 2018 జూలై 1 నుండి అమలులోనికి వచ్చెను. ఉద్యోగమును జీతమును ఖాయపరచక మునుపు పాత జీతము అడుగరాదని దాని విధి. యూరోపు సమాజపు దేశములకును 2023లో ఇట్టి ఆదేశము వెలువడెను. పాత జీతము అడుగరాదు, క్రొత్త పనికి తామెంత ఇత్తురో ముందుగా తెలుపవలెను అని. దానిని తమ చట్టములలో చేర్చుకొనుటకు 2026 జూన్ 7 గడువుగా పెట్టిరి.

మన దేశములో అడుగరాదను చట్టము లేదు. చెప్పి తీరవలెనను చట్టమును లేదు. ఒకే విధమైన పనికి స్త్రీ యని తక్కువ ఇయ్యరాదని 1976 నాటి సమాన వేతన చట్టము చెప్పెను. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన వేతనముల కోడులోను ఆ విధి ఉన్నది. ప్రభుత్వోద్యోగమునకు ఈ చిక్కు లేదు. స్కేలు ముందే అచ్చులో ఉండును, బదిలీ అయినప్పుడు ఆఖరి జీతపు సర్టిఫికెట్టు కార్యాలయమునుండి కార్యాలయమునకు పోవును.

ఇక మన పిల్లలు ఏమి చేయవలెను? ఎవరైన అడిగినచో, "ఈ పనికి మీరు అనుకొన్న జీతము చెప్పండి, నేను ఇంత ఆశిస్తున్నాను" అని మర్యాదగా చెప్పవచ్చును. ఆ "ఇంత" అనునది గాలిలోనుండి రాకూడదు. కుప్పమునుండి తెల్లవారుజామున బెంగుళూరు రైలెక్కు యువకులను అడుగుడి. ఏ పనికి ఎక్కడ ఎంత ఇచ్చుచున్నారో ఆ పెట్టెలో తెలిసినంతగా మరెక్కడను తెలియదు. ఫారములోని గడి అక్షరములను ఒప్పుకొన్నయెడల "ముఖాముఖిని మాటలాడెదను" అని వ్రాయవచ్చును. అంకెలనే అడుగునట్టిదైతే కొందరు సున్న వేయుచున్నారు. చెప్పుట లేదని దాని అర్థమని వారికి వెంటనే తెలియజేసినచో మాకు అభ్యంతరము లేదు, లేనిచో అదియు ఒక తప్పుడు సంఖ్యయే. మూడు నెలల జీతపు చీటీలు తెచ్చి తీరవలెనని పట్టుబట్టినచో ఉన్నవే చూపవలెను. "ఈ జీతము తక్కువైనందుననే మారుచున్నాను" అనుట నిజమే గదా, దానిని సిగ్గుపడక చెప్పవచ్చును. దొంగ చీటీ పుట్టించువారు తెలిసికొనవలసినది ఒకటున్నది. పీఎఫ్ ఉన్నవానికి ఎన్ని ఉద్యోగములు మారినను యూఏఎన్ సంఖ్య ఒక్కటే. ప్రాథమిక వేతనములో నూటికి పండ్రెండు కోసి కట్టిన లెక్క నెలనెలా పాసుబుక్కులో ఉండును. పరిశీలించువారికి అది చాలును. చేరిన తరువాత ఆదాయపు పన్ను లెక్క కొరకు ఆ సంవత్సరపు పాత జీతమును అడుగుట మాత్రము వేరు సంగతి. అప్పటికి బేరము ముగిసియుండును గనుక చెప్పుటలో నష్టము లేదు.

ఇంకొక మాట. పొయ్యిలో పిల్లి లేవని ఇంటివాడు అడిగినవానికెల్ల చెప్పి ఉద్యోగము తీసికొన్నాడని ఎవరును అతనిని తప్పు పట్టవద్దు. చెప్పకుండుట హక్కే గాని ఆజ్ఞ కాదు. ఆకలి గలవాని మీద మరియొక భారము పెట్టుటకు ఈ పాఠము వ్రాయుట లేదు.

ఇంతవరకు వ్రాసి ముగింపవలెననుకొంటిమి. గాని మా ఇంటి సంగతి దాచి ఊరివారికి బోధించినచో అననీయ వరుసలో మేమే నిలుతుము.

కుప్పము ప్రాంతపు యువకుడొకడు మా సంఘము నడుపు చిన్న పాఠశాలలో రెండేండ్లు లెక్కలు చెప్పెను. బెంగుళూరులో ఒక పాఠశాలకు దరఖాస్తు పెట్టుకొని, అనుభవ పత్రము కొరకు మా యొద్దకు వచ్చి, జీతము 15,000 అని వ్రాసి యిమ్మని బ్రతిమాలెను. "నీకిచ్చినది ఏడు వేలు గదా బాబూ, మేమెట్లు వ్రాయుదుము?" అంటిమి. అతడు తల వంచుకొనియే చెప్పెను: "ఇచ్చింది ఏడే అయ్యగారూ. ఏడు ఎందుకు పెట్టినారో గుర్తుందా? అంతకు ముందు నేను కుప్పంలో అంగట్లో లెక్కలు రాస్తా ఆరు వేలు తీసుకుంటా ఉంటి. ఇంతకు ముందు నీకు ఎంత వచ్చేదని కమిటీలో అడిగింది మీరే."

అడిగినది మేమే. ఖాతా పుస్తకము తీసి చూచితిమి. అవే తరగతులకు అతనికి ముందున్న మాష్టరుకు 11,000 ఇచ్చియుంటిమి. కోయువారి కూలి మొఱ్ఱపెట్టుచున్నదను యాకోబు 5:4ను మేము ఎల్లప్పుడును భూస్వాముల వైపు త్రిప్పి చదివితిమి.

15,000 అని వ్రాయలేదు. ఏ తరగతులు చెప్పెనో, ఎన్ని దినములు మానకుండ వచ్చెనో, పిల్లలు అతనిని ఎట్లు ప్రేమించిరో వ్రాసి, జీతమును గూర్చి ఒక్క అక్షరమైనను లేకుండ ముద్ర వేసి యిచ్చితిమి. అతడు దానిని రెండుమారులు చదువుకొని జేబులో పెట్టుకొనెను. తరువాత నెలకు నాలుగు వేల చొప్పున ఇరువదినాలుగు నెలల భేదము 96,000 అని లెక్క కట్టి కమిటీ ముందర పెట్టితిమి. పెట్టెలో అంత సొమ్ము లేదు. కోతకాలపు కానుకలలోనుండి 20,000 పంపుటకు తీర్మానించిరి. మిగిలినదానిని గూర్చి, ఒప్పుకొని చేరినవానికి ఇంకను బాకీ ఏమిటని ఇద్దరు పెద్దలు వాదించుచున్నారు. ఆ వాదము ఇంకను తీరలేదు. నర్సు సహోదరి మరియొక ఆసుపత్రికి దరఖాస్తు పెట్టినది. ఈసారి ఆ గడిలో "మాటలాడినప్పుడు చెప్పెదను" అని వ్రాసినది. జవాబు రావలసియున్నది.

పోయిన శనివారము లెక్కల మాష్టరు పనికి ఒక విధవరాలైన సహోదరి వచ్చినది. ఈ మారు జీతము 11,000 అని ముందుగానే కాగితము మీద వ్రాసి గుడి తలుపునకు అంటించియుంటిమి. ఆమె కూర్చుండగానే మా పెద్దలలో ఒకరు అలవాటు చొప్పున, "ఇప్పుడు పనిచేయుచున్న చోట నీకెంత ఇచ్చుచున్నారమ్మా?" అనిరి. ఆమె కొంగు సవరించుకొని మా వైపు చూచినది. కోశాధికారి మారు మాటలాడక మినిట్సు పుస్తకము తెరచి, గత సభ తీర్మానమున్న పుట మీద వ్రేలుంచి, ఆయన ముందుకు జరిపెను.